మా ఆయన్ని తిట్టి నిద్రపుచ్చిన రోజులు

మా ఆయన రిటైరైన మూడో రోజు నుంచి నిద్రపోవడం మానేశాడు. ముప్పై నాలుగేళ్ళు ఒక మందుల కంపెనీ గోడౌనుకి మేనేజరుగా చేసిన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రాత్రి తొమ్మిదిన్నరకి దిండు మీద తల పెట్టడమే ఆలస్యం, గురక అందుకునేవాడు. రిటైరయ్యాక అదే తల అదే దిండు మీద పెట్టి, రెండు కళ్ళూ తెరుచుకుని ఫ్యాను వైపు చూస్తూ పడుకునేవాడు. ఆయనొక్కడూ మేలుకుని ఉంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏ పనీ ఒంటరిగా చేసే అలవాటు మా ఆయనకి లేదు. పది నిమిషాలకోసారి "ఏమే, నిద్రపోయినావా?" అని అడిగేవాడు. పోయానంటే అబద్ధం, లేదంటే కబుర్లు.

మద్రాసు చింతాద్రిపేటలో మా వీధివాళ్ళకి నిద్ర పట్టని మనిషి ఒకడు దొరికేసరికి పండగైపోయింది. ఎవరి దగ్గర చూసినా ఒక వైద్యం. ఇస్త్రీ బండి ఆయన అరికాళ్ళకి నువ్వుల నూనె రాయమన్నాడు. రాశాను. మా ఆయన మంచినీళ్ళకని లేచి, నున్నటి నేల మీద జారి, బీరువా హ్యాండిల్ పట్టుకుని వేలాడాడు. నిద్ర సంగతి దేవుడెరుగు, ఆ భయానికి ఇద్దరం తెల్లారేదాకా మంచం మీదే కూర్చున్నాం. ఎదురింటి అరవ మామి గసగసాల పాయసం పెట్టమంది. పెట్టాను. రెండో గ్లాసు అడిగాడు, మూడోది కూడా అడిగాడు, పొద్దున్నే ఇంకేమైనా మిగిలిందా అని వంటింట్లో గిన్నెలు వెతికాడు. డాక్టరు సాయంత్రం నాలుగు దాటాక కాఫీ ముట్టుకోవద్దన్నాడు. మా ఆయన నాలుగింటికి రెండు నిమిషాల ముందు రెండు కాఫీలు తాగడం మొదలుపెట్టాడు.

వంద నుంచి ఒకటికి వెనక్కి లెక్కపెట్టమని ఎవరో చెప్పారు. మా ఆయన ఉత్త అంకెలు లెక్కపెట్టలేడు, ఏదో ఒక సరుకు ఉండాలి. గోడౌనులో దగ్గుమందు పెట్టెలు తలుచుకుని లెక్కపెట్టాడు. తొంభై ఎనిమిదే తేలాయి. "రెండు పెట్టెలు ఏడికి పోయినట్టు?" అని నన్ను లేపాడు. మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ తొంభై ఎనిమిదే. పొద్దున్నే పాత కంపెనీకి ఫోన్ చేసి చెప్పాడు. పాపం, వాళ్ళు వెతికారు కూడా.

మా అన్న కూతురు ఫోన్‌లో వాన చప్పుడు వినిపించే యాప్ ఒకటి వేసిచ్చింది. వాన మొదలైన రెండు నిమిషాలకి మా ఆయన దిగ్గున లేచి, మేడ మీదికి పరిగెత్తి, ఆరేసిన బట్టలన్నీ తెచ్చి మంచం మీద పోశాడు. "అది ఫోన్‌లో వానండీ" అన్నాను. "తెలుసులే, అయినా మనసు ఊరుకోలా" అన్నాడు. మర్నాడు రాత్రి కూడా ఊరుకోలేదు.

వీటన్నిటిలోకీ కాస్త మర్యాద దక్కించుకున్నది జాజికాయ పాలు ఒక్కటే. వేడి పాలల్లో చిటికెడు జాజికాయ పొడి కలిపిస్తే ఆయనకి ఆవులింతలు వచ్చేవి. నిద్ర రాదు, ఆవులింతలు మాత్రం వస్తాయి. ఏదో ఒకటి వస్తోంది కదా అని రోజూ ఇస్తూ ఉండేదాన్ని.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తమిళంలో తీసిన సీరియళ్ళకీ సినిమాలకీ తెలుగు గొంతు ఇస్తాను. పుట్టింది నెల్లూరు, పెళ్ళయి మద్రాసు వచ్చాను. తెలుగు చదవడం బాగా వచ్చు కనక, తెలిసినవాళ్ళు ఒకరు కోడంబాక్కంలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళారు. మొదట్లో పెళ్ళి పందిట్లో గోల చేసే ఆడవాళ్ళలో ఒకదాన్ని. తర్వాత "డాక్టరుగారు వచ్చేశారు" అనే నర్సుని. ఇరవై ఆరేళ్ళకి, అంటే మొన్న మొన్న, ఒక సీరియల్లో అత్తగారి గొంతు నాకు దక్కింది. మామూలు అత్తగారు కాదు, ఊరంతా దుమ్మెత్తిపోసే అత్తగారు. మా చెల్లెలి ఊళ్ళో అయితే ఆమె కనబడగానే టీవీ వైపు చెప్పు చూపిస్తారట. అది విన్న రోజు నాకు భోజనం సయించలేదు, అంత సంతోషం.

ఆ సంతోషం ఇంట్లో చెప్పుకోవడానికి లేదు. మా ఆయన వాళ్ళది పాతకాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేదీ రాసేదీ తమిళం. సినిమా చూడొచ్చు, సినిమా పాటలు పాడొచ్చు, సినిమాలో పనిచేసేవాళ్ళు మాత్రం ఇంటి గడప తొక్కకూడదు. అందుకని నేను పనికి వెళ్ళిన మొదటి రోజే మా ఆయన తన వాళ్ళందరికీ "ఆఫీసులో తెలుగు రాసే పని" అని చెప్పేశాడు. ఏ ఆఫీసని అడిగితే దగ్గేవాడు. ఎక్కడని అడిగితే "నుంగంబాక్కం పక్క" అనేవాడు. సినిమా స్టూడియోలుండే కోడంబాక్కం దాని తర్వాతి స్టేషను. ఇరవై ఆరేళ్ళుగా మా ఆయన నోట్లో నా రైలు నుంగంబాక్కం దాటలేదు. నా డైలాగు కాగితాలు ఇంటి నిండా పడి ఉండేవి. అన్నీ తెలుగులో ఉండేవి, చదవగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. గుట్టు దాచడానికి బీరువా తాళం కూడా అక్కర్లేకపోయింది.

దీని మీద మొదట్లో పోట్లాడాను, తర్వాత అలిగాను, ఆ తర్వాత ఊరుకున్నాను. ఊరుకున్నంత మాత్రాన నొప్పి పోలేదు. ఎవరో ఒకరి ముందు, ఒక్కసారి, "ఆ గొంతు మా ఇంటావిడది" అని ఆయన అంటే చాలనిపించేది. వడ్డాణం అడిగి ఉంటే ఈపాటికి చేయించి ఉండేవాడు. ఈ ఒక్క మాట మాత్రం ఆయన నోటంట రాలేదు. నేను చేసే సీరియల్ ఒక్క రోజు భాగం కూడా కూర్చుని చూడలేదు.

ఒక సాయంత్రం స్టూడియోలో మర్నాటి కాగితాలు ముందే ఇచ్చారు. పెద్ద సీను. అత్తగారు కోడల్ని గుమ్మంలో నిలబెట్టి రెండు పేజీలు ఊపిరి తిప్పకుండా తిట్టాలి. మామూలుగా వంటింట్లో గుసగుసగా చదువుకునేదాన్ని. ఆ రాత్రి, ఈయన ఎలాగూ మేలుకునే ఉన్నాడు కదా, ఇంక గుసగుసలెందుకని మంచం చివర కూర్చుని గొంతు విప్పాను. ఆ అత్తగారి గొంతు నా గొంతు కాదు. పొట్టలోంచి లాగి, ముక్కు దగ్గర కాసేపు ఆపి, పళ్ళ సందుల్లోంచి వదలాలి. "గుమ్మం దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను" అన్నాను. మా ఆయన అటు తిరిగి పడుకున్నాడు. "నీ పుట్టింటివాళ్ళు నిన్ను అన్నం పెట్టి పెంచారా, గడ్డి పెట్టి పెంచారా?" అన్నాను. గురక వినిపించింది.

వేళాకోళం చేస్తున్నాడేమో అనుకున్నాను. ముక్కు పట్టుకుని చూశాను. నిజం నిద్రే. పొద్దున ఏడింటికి లేచి, రిటైర్మెంట్ సన్మానంలో కూడా లేనంత కళతో కాఫీ అడిగాడు. మర్నాడు రాత్రి మళ్ళీ చదివాను. రెండో పేజీ తిప్పే పని లేకుండానే నిద్రపోయాడు. నాలుగో రోజుకి తొమ్మిదిన్నర కాగానే ఆయనే దిండు సర్దుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "ఊ, కానీ" అనేవాడు.

కొన్నాళ్ళకి ఏ తిట్టు ఎలా పనిచేస్తుందో నాకు బాగా పట్టుబడింది. బెదిరింపులు అన్నిటికంటే మేలు. శాపనార్థాలు కూడా మంచివే, కానీ నెమ్మదిగా పనిచేస్తాయి. అత్తగారు దొంగప్రేమ ఒలకబోసే సీన్లు పూర్తిగా దండగ. "నా బంగారు తల్లీ" అనగానే మా ఆయన కళ్ళు తెరిచి అనుమానంగా చూసేవాడు. కోడలు ఎదురు మాట్లాడితే లేచి కూర్చునేవాడు. అందుకని కోడలి మాటలు వదిలేసి అత్తగారివి మాత్రమే చదివేదాన్ని.

చిక్కల్లా శని ఆదివారాలతో వచ్చింది. ఆ రెండు రోజులూ సీరియల్ రాదు కనక కొత్త కాగితాలుండవు. పాతవి చదివితే "ఇది మంగళవారం తిట్టిందే కదా" అనేవాడు. తిట్టు కూడా తాజాగా ఉండాలట, చారులాగా! చేసేదేం లేక అదే గొంతుతో సొంతంగా మొదలుపెట్టాను. మొదట తడి తువ్వాలు మంచం మీద వేయడం గురించి. తర్వాత మా తమ్ముడి పెళ్ళికి ఒక రోజు ముందు రమ్మంటే ముహూర్తానికి వచ్చిన సంగతి. మాట మాట అందుకుని, అనుకోకుండా ఒక ఆదివారం రాత్రి అసలు సంగతి బయటికొచ్చేసింది. "ఇరవై ఆరేళ్ళు మీవాళ్ళ ముందు నన్ను లేని ఆఫీసులో కూర్చోబెట్టావు కదరా! నా గొంతు నాదని చెప్పడానికి నీకు నోరు రాలేదు కదరా!" అత్తగారి గొంతు కనక "రా" కూడా వచ్చేసింది. అని, మెల్లగా ఆయన వైపు చూశాను. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. పొద్దున్నే ఆయన కాఫీ చప్పరిస్తూ "రాత్రిది మంచి రకం. బాగా పట్టింది" అన్నాడు. ఏమన్నానో గుర్తుందా అని అడిగాను. "తిట్టినావు కదా" అన్నాడు. అంతే.

అలా ఉండగా మా వదిన వచ్చింది. వదినంటే మా ఆయనకి అక్కగారు, మద్రాసులోనే వాషర్‌మెన్‌పేట్‌లో ఉంటుంది. వాళ్ళింటికి రంగులు వేయిస్తున్నారని, ఆ వాసన పడదని వారం రోజులు ఉండటానికి వచ్చింది. మనిషి మంచిదే, కానీ చెవులు మరీ మంచివి. ఆమె పక్క హాల్లో వేశాం. తలుపు వేసి, గొంతు తగ్గించే తిట్టాను. అయినా పళ్ళ సందుల్లోంచి వచ్చే గొంతు తలుపు సందుల్లోంచి పోకుండా ఉంటుందా? పొద్దున్నే వదిన తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "రేయ్, రాత్రి ఏందిరా ఆ సద్దు?" అని అడిగింది. "ఏ సద్దూ లేదే అక్కా, నేను బాగా నిద్రపోయినా" అన్నాడు మా ఆయన హాయిగా నవ్వుతూ. పాపం, తమ్ముడు పైకి నవ్వుతూ లోపల దిగమింగుకుంటున్నాడని వదినకి రూఢి అయిపోయింది. ఆ రోజు నుంచి ఆయన కంచంలో అప్పడాలు ఎక్కువ పడ్డాయి.

శనివారం పొద్దున ఒక సినిమా పని మీద నేను స్టూడియోకి వెళ్ళాక, వదిన మా పడకగదిలో దుప్పటి దులపబోయింది. దిండు కింద కాగితం దొరికింది. తెలుగులో ఉంది, అక్కడక్కడా ఎర్ర పెన్నుతో గీతలున్నాయి. ఆమెకి చదవడం రాదు. పై వాటాలో ఐటీ కంపెనీలో పనిచేసే గుంటూరు అమ్మాయి ఒకతి అద్దెకుంటోంది. వదిన కాగితం పట్టుకుని మేడ మెట్లెక్కి, "చదువమ్మా, ఇందులో ఏం రాసుంది?" అంది. ఆ అమ్మాయి పళ్ళు తోముకుంటూ చదివింది. "రోజూ పాలల్లో కొంచెం కొంచెం కలుపుతాను. ఎవరికీ అనుమానం రాదు. ఒక రోజు పొద్దున్నే లేవడం ఉండదు. తర్వాత ఈ ఇల్లు నాది." కొంచెం ఆగి, "ఇక్కడ నవ్వు అని రాసుందండీ" అంది.

"ఎక్కడ నవ్వాలో కూడా రాసి పెట్టుకుందా!" అని వదిన మెట్ల మీదే కూలబడింది. "అదేంటండీ, ఇదేదో సీరియల్ డైలాగులా ఉంది కదా" అని ఆ పిల్ల చెబుతూనే ఉందట. "సీరియల్ ఏందమ్మా? ఆమె ఆఫీసులో కదా పని చేసేది! మా తమ్ముడు నాతో అబద్ధం చెప్తాడా?" అని వదిన ఆమె నోరు మూయించింది.

ఇవన్నీ తెలియకుండా మధ్యాహ్నం రెండింటికి నేను ఇంటికొచ్చాను. హాల్లో వదిన కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన గుంటూరు పిల్ల, పారిపోవడానికి వీల్లేకుండా గోడవైపు. మా ఆయన ఊయల బల్ల చివర, తప్పు చేసినట్టు. వదిన చూపు ముందు నా చేతుల మీద పడింది. మైకు ముందు గాజులు చప్పుడు చేస్తాయని మేం తీసి పర్సులో పడేస్తాం. ఆ రోజు రైలు హడావుడిలో మళ్ళీ వేసుకోవడం మరిచిపోయాను. వదిన గుండె మీద చెయ్యి వేసుకుని, "అప్పుడే గాజులు కూడా తీసేసినావా? అంత తొందరేమ్మా నీకు?" అంది.

ముందు నాకేమీ అర్థం కాలేదు. ఆమె కాగితం చూపించింది, విషయం చెప్పింది. నాకు నవ్వాగలేదు. కాగితంలో నవ్వు అని రాసి ఉన్న చోటే నవ్వానట, అది ఇంకో తప్పు. తర్వాత వదిన నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, "వాడికి రోజూ ఇచ్చే పాలు నా ముందర కలుపు. నువ్వు తాగు" అంది. కలిపాను. తాగాను. ఐదింటికి లేచి, పొద్దుటి నుంచీ మైకు ముందు నిలబడి అరిచి వచ్చినదాన్ని, దానికితోడు రెండు నెలలుగా రోజూ ఒక మనిషిని నిద్రపుచ్చుతున్నదాన్ని. గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే ఆవులింత వచ్చింది. వెనకే ఇంకోటి వచ్చింది.

"అయ్యో కడవులే, దేవుడా, పనిచేస్తా ఉంది!" అని వదిన కేక పెట్టింది. గుంటూరు పిల్ల "అంబులెన్సుకి ఫోన్ చేయమంటారా ఆంటీ?" అని నన్నే అడిగింది.

"రేయ్, చెప్పరా" అని వదిన తమ్ముడి వైపు తిరిగింది. "ఈ కాగితం ఏంది? ఈమె చేసే పని ఏంది?"

నేను నోరు విప్పలేదు. ఒక్క ముక్కలో నేనే తేల్చేసి ఉండొచ్చు. స్టూడియో వాళ్ళ చేత ఫోన్‌లో చెప్పించి ఉండొచ్చు. కానీ ఆ మాట నేను చెప్పాల్సింది కాదు. విషం పెట్టిన ఆడదాన్నని పేరొచ్చినా సరే, ఇవాళ ఆయనే చెప్పాలని నిలబడ్డాను. పెళ్ళాం హంతకురాలా, డబ్బింగ్ ఆర్టిస్టా? ఈ రెంటిలో ఏది చెప్పుకోవడం తేలికో మా ఆయన నిజంగానే ఆలోచిస్తున్నాడు. నా కళ్ళముందే ఆలోచిస్తున్నాడు.

"ఆఫీసు కాగితమే అక్కా" అన్నాడు చివరికి. "ఆఫీసులో ఇట్టాంటివన్నీ... వస్తా ఉంటాయి."

విషం కలపడం, ఇల్లు కొట్టేయడం, మధ్యలో నవ్వడం, ఇవన్నీ వస్తూ ఉండే ఆఫీసు మద్రాసులో ఎక్కడుందో నాకు తెలియదు. వదినకీ తెలియలేదు. "అయితే రాత్రిపూట నిన్ను తిట్టేది?" అంది. "అది నిద్రకి అక్కా. తిడితే నాకు నిద్ర వస్తుంది" అన్నాడు. వదిన తమ్ముడి తల నిమిరి, "పొడి అప్పుడే తలకెక్కింది వీడికి" అని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు నేను మాట్లాడాను. అత్తగారి గొంతుతో కాదు, నా గొంతుతో. అరవలేదు కూడా. "నా గొంతు మీకు నిద్రపోవడానికి పనికొచ్చింది. నాదని చెప్పుకోవడానికి మాత్రం పనికిరాలేదు" అన్నాను. ఇంకా అనాలనుకున్నాను కానీ మూడో ఆవులింత వచ్చింది. గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, చీర కూడా మార్చుకోకుండా పడుకున్నాను. మధ్య మధ్య వదిన వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్ళిందట.

మర్నాడు పొద్దున లేచేసరికి మా ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆదివారమంతా నాతో మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. వంట వదిన చేసింది, పాలు ఆమే కాచింది. ఆ రాత్రి నేను కాగితం తీయలేదు. ఆయన "ఊ, కానీ" అనలేదు. ఇద్దరం ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాం.

సోమవారం స్టూడియోలో ఆ విషం సీనే తీసుకున్నారు. డబ్బింగ్ గదిలో నేనూ మైకూ మాత్రమే ఉంటాం. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు, ఆయన ముందు తెర మీద బొమ్మ. తలుపు పైన ఎర్ర దీపం వెలిగితే ఎవరూ లోపలికి రాకూడదు. దీపం వెలిగింది. పాలు, అనుమానం, ఇల్లు, అన్నీ అయ్యాయి. సరిగ్గా నవ్వు అందుకోబోతుంటే తలుపు తెరుచుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని మా ఆయన, ఆయన వెనకాల వదిన!

కోడంబాక్కం స్టేషన్లో దిగి, టీ కొట్టు దగ్గర మా ఆయన "సీరియల్లో అత్తగారికి గొంతు ఇచ్చే ఆమె ఎక్కడుంటారు?" అని అడిగాడట. టీ పోసే ఆయన గ్లాసు కింద పెట్టి, రోడ్డు మీదికి వచ్చి మరీ దారి చూపించాడట. మా ఆయన నన్ను ఇంటివాళ్ళ దగ్గర దాచిన ఇరవై ఆరేళ్ళలో టీ కొట్టు దాకా అందరికీ తెలిసిపోయింది. ఇదంతా తర్వాత వదిన చెప్పింది.

"అక్కా, ఇదో" అన్నాడు మా ఆయన, ఎర్ర దీపం కింద నిలబడి, చెప్పులున్న చేత్తోనే నన్ను చూపిస్తూ. "ఆ గొంతు ఈమెది. మా ఇంటామెది. సీరియళ్ళలో మాట్లాడేది ఈమే. ఆఫీసని నేను చెప్పింది అబద్ధం. నుంగంబాక్కం కూడా అబద్ధం. ఇది కోడంబాక్కం."

అద్దం అవతల నుంచి ఇంజనీరు గొంతు స్పీకర్లో మోగింది. "ఎవరండీ అది? టేక్ పోయింది. చెరిపేస్తున్నా, మళ్ళీ వెళదాం."

చెరిపేశాడు. నేను ఇరవై ఆరేళ్ళు కాచుకున్న మాట చక్కగా మైకులో పడింది, అంత చక్కగానూ పోయింది. ఆయన ఆ మాట చెప్పింది కూడా, వదినని వదిలేస్తే, అది ఎప్పటి నుంచో తెలిసినవాళ్ళ ముందే. అయినా నాకు ఏడుపొచ్చింది. ఆ సీన్లో నేను నవ్వాలి. తొమ్మిది టేకులు తిన్నాను.

వదిన ఇంజనీరు పక్కన కూర్చుని తెర మీద బొమ్మ చూసింది. చూడగానే "ఈమెనా!" అంది. "అరవంలో పోయినేడే చూసినా నేను. ఈ పాలు కోడలు తాగదు సార్, పిల్లి తాగుతుంది." అని మొదలుపెట్టి, ముందు ముందు రాబోయే కథంతా వాళ్ళకి చెప్పేసింది. పని అయిపోయాక నా పర్సు తీసుకుని, గాజులు వెతికి, తన చేత్తోనే నా చేతికి ఎక్కించింది. సబ్బు లేకుండా ఎక్కిస్తే చెయ్యి గీరుకుపోయింది. ఆ సాయంత్రమే వాషర్‌మెన్‌పేట్ వెళ్ళిపోయింది, రంగుల వాసన ఇంకా ఉన్నా కూడా.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి, పాపం రెండు రాత్రులుగా నిద్ర లేదు కదా అని నేనే కాగితాలు తీశాను. మా ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. మంచి బెదిరింపు సీను ఏరి, గొంతు పొట్టలోంచి లాగి మొదలుపెట్టాను. ఒక పేజీ అయింది. గురక లేదు. రెండో పేజీ కూడా అయింది. తల ఎత్తి చూస్తే ఆయన మోచేతి మీద లేచి నా నోటి వైపే చూస్తున్నాడు.

"ఆ పిల్ల ఏం చేసిందని అంతేసి మాటలు?" అన్నాడు.

చెప్పాను. ఉప్పు ఎక్కువ వేసింది. "దానికేనా?" అన్నాడు. అసలు కారణం ఉప్పు కాదు, ఆస్తి అని చెప్పాను. "మరి కొడుకు ఏమీ అనడా?" అన్నాడు. అనడు, ఇలాంటి కొడుకులు ఏమీ అనరు అన్నాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ప్రతి మాటకీ ఊ కొడుతున్నాడు. ఇంక ఈ వైద్యం కూడా పనిచేయదని నాకు అప్పుడే అర్థమైంది. ఇన్నాళ్ళూ పనిచేసింది ఆయన మనసు పెట్టి వినకపోవడం వల్లే. ఇప్పుడు వింటున్నాడు. జాలేసింది, లోపల సంతోషంగానూ ఉంది.

కాగితాలు మడిచి పక్కన పెట్టబోతే, "అది ఆమె గొంతు కదా" అన్నాడు. "మొన్న అక్క ముందర మాట్లాడినావే, ఆ గొంతుతో చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఏదైనా. నీది."

నాకు చప్పున ఏమీ తట్టలేదు. ఇరవై ఆరేళ్ళు ఎవరో రాసిచ్చిన మాటలు, ఎవరివో పెదాలకి సరిపోయేలా చెప్పినదాన్ని. అలవాటుగా కాగితం కోసం చెయ్యి పక్కకి పోయింది కూడా. అందులో నాది ఏమీ లేదు.

"ఇప్పుడేం తోచడం లేదండీ. ఆలోచించుకుని చెబుతా. మీరు పడుకోండి" అన్నాను.

"నువ్వు ఆలోచించుకో" అన్నాడు మా ఆయన, దిండు గోడకి చేర్చుకుని కూర్చుంటూ. "నేను మేలుకునే ఉంటా."